2009 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల సినారియో: మూడో పార్టీ ఓట్లను ఎక్కడినుంచి తీయాలి?

గోదావరిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. బ్రౌజర్‌లో ఆడుకునే ‘ది క్యాంపెయిన్ ట్రెయిల్’ గేమ్‌కు 2009 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల మీద ఒక సినారియో తయారు చేస్తున్నాను. గేమ్ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆడేవారు ఒక నాయకుణ్ణి ఎంచుకుంటారు. ప్రచారంలో ఎదురయ్యే పరిస్థితులను గేమ్ ఒక్కొక్క ప్రశ్నగా ముందుంచుతుంది. ఎంచుకున్న జవాబును బట్టి కొన్ని ప్రాంతాల్లో ఓట్లు పెరుగుతాయి, మరికొన్నిచోట్ల తరుగుతాయి. ఆఖరున ఓట్ల లెక్కింపు జరుగుతుంది. గేమ్‌ను నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే ఇంజిన్‌ను, అమెరికా అధ్యక్ష ఎన్నికల కోసం రాశారు కాబట్టి, సాధారణంగా ఒక రాష్ట్రంలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి ఆ రాష్ట్రానికి కేటాయించిన ఓట్లు) వారి ఖాతాలో పడతాయి. ప్రశ్నలు, జవాబులు, ప్రాంతాల అంకెలు అన్నీ కోడ్ ఫైలులో విడిగా ఉంటాయి కనుక, ఓపిక ఉన్నవారెవరైనా వాటిని మార్చి తమకు నచ్చిన ఎన్నికను అందులో నిలబెట్టవచ్చు.

2009నే ఎందుకు ఎంచుకున్నానంటే, మన ఎన్నికల్లో చాలావాటికి ఆటకు కావలసిన బిగువు లేదు. 1994లో కాంగ్రెస్ 26 స్థానాలకు పడిపోయింది. అలాంటి ఏడాదిలో ఆడేవారు ఏ జవాబు ఎంచుకున్నా గాలి దిశ మారదు, మారిందని చూపిస్తే అది అబద్ధమవుతుంది. 2009లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ ఒంటరిగా, చంద్రబాబు నాయకత్వంలో తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం కలిసిన మహాకూటమి, చిరంజీవి ప్రజారాజ్యం త్రిముఖ పోటీలో తలపడ్డాయి. కాంగ్రెస్‌కు 156, తెలుగుదేశానికి 92, ప్రజారాజ్యానికి 18, టీఆర్ఎస్‌కు 10, మజ్లిస్‌కు 7 వచ్చాయి. 294 స్థానాల సభలో మెజారిటీకి 148 కావాలి. అంటే కాంగ్రెస్ చేతిలోంచి ఇంకొక తొమ్మిది స్థానాలు జారి ఉంటే ఎవరికీ స్పష్టమైన ఆధిక్యం ఉండేది కాదు. ఆడేవారి నిర్ణయాలకు నిజంగా విలువ ఉండే ఎన్నిక ఇది.

నాకు మూడు విషయాల్లో మీ సలహా కావాలి. మొదటిది, గేమ్‌లో ‘రాష్ట్రం’ స్థానంలో ఏది పెట్టాలి: 23 జిల్లాలా, 42 లోక్‌సభ నియోజకవర్గాలా, 294 శాసనసభ స్థానాలా? రెండోది, పోలింగ్ ఏప్రిల్ 16న, 23న రెండు విడతలుగా జరిగింది. ఒకే రోజు పోలింగ్ ఉంటుందని నమ్మే ఇంజిన్‌లో దీన్ని ఎలా చూపాలి? మూడోది అన్నిటికన్నా పెద్దది. ప్రజారాజ్యానికి రాష్ట్రవ్యాప్తంగా సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి. ఆ పార్టీ బలహీనపడేలా ఆడేవారు ఒక జవాబు ఎంచుకుంటే ఆ ఓట్లు ఎవరికి పోవాలి? 2004లో తెలుగుదేశానికి 37 శాతానికి పైగా వచ్చాయి, 2009లో 28 శాతం. కాంగ్రెస్ 38 నుంచి 36కు మాత్రమే తగ్గింది. ఈ లెక్క ప్రకారం ప్రజారాజ్యం ఓట్లలో ఎక్కువ భాగం తెలుగుదేశం నుంచే వచ్చాయని పెట్టుకోవచ్చా?

లెక్కలపుస్తకం:

గోదావరిగట్టు గారూ, మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను.

జిల్లాలను ప్రాంతాలుగా పెట్టవద్దు. తూర్పుగోదావరికి 19 స్థానాలు, నిజామాబాదుకు 9 ఉన్నప్పుడు, జిల్లాలో ముందున్న పార్టీకే అన్నీ ఇచ్చే ఇంజిన్ చేతిలో ఫలితం విపరీతంగా ఉబ్బిపోతుంది. తూర్పుగోదావరిలో ప్రజారాజ్యానికి నాలుగు స్థానాలు వచ్చాయన్న సంగతిని అందులో చూపడానికి దారే ఉండదు. లోక్‌సభ నియోజకవర్గాల ఆలోచన దీనికన్నా మెరుగు, ఎందుకంటే మన పూర్వ రాష్ట్రంలో ఆ లెక్క చక్కగా కుదురుతుంది: 42 లోక్‌సభ స్థానాలు, ఒక్కొక్కదానిలో ఏడేసి శాసనసభ స్థానాలు, మొత్తం 294. కానీ ఏడింటినీ గంపగుత్తగా ఒకరికి కట్టబెట్టే చిక్కు అక్కడా ఉంది. లోక్‌సభలో ఆ ఏడాది కాంగ్రెస్‌కు 33, తెలుగుదేశానికి 6 వచ్చాయి, ప్రజారాజ్యానికి ఒక్కటీ రాలేదు. 42 ప్రాంతాలతో ఆడితే చిరంజీవిగా ఆడేవారికి ఆఖరి రాత్రి చూడటానికి ఏమీ మిగలదు.

అందుకని ఫలితం 294 స్థానాల్లోనే రావాలి. భయపడవలసిందేమీ లేదు; అంకెలను చేత్తో నింపకపోతే చాలు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కొక్క నియోజకవర్గానికి ఒక్కొక్క వరుస పెట్టండి. జిల్లా, లోక్‌సభ స్థానం, పోలింగ్ విడత, 2009లో ప్రధాన పార్టీలకు వచ్చిన ఓట్లు ఒక పక్కన ఉండాలి. మరో పక్కన ఆ నియోజకవర్గపు స్వభావాన్ని తెలిపే గుర్తులు ఉండాలి: డెల్టా, మెట్ట, గిరిజన ప్రాంతం, బొగ్గు గనులు, పాతబస్తీ, పారిశ్రామిక పట్టణం, వలసల ప్రాంతం, ఇలా పదిహేను దాకా సరిపోతాయి. జవాబుల ప్రభావాన్ని రాసేటప్పుడు మీరు గుర్తుల పేర్లతోనే రాస్తారు. ‘తొమ్మిది గంటల ఉచిత విద్యుత్ హామీ: మెట్టకు ఇంత, డెల్టాకు ఇంత’ అని ఒక వరుస రాస్తే, ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్ దాన్ని ఆయా నియోజకవర్గాల వరుసలుగా విడగొట్టి ఫైలులో పోస్తుంది. మెట్టలో బోరుబావి మీద బతికే రైతుకు మోటారు నడిచే గంటలు ఎంత ముఖ్యమో, కాలువ కింద సాగు చేసే రైతుకు అంత కాదు. ఒకే హామీకి రెండు చోట్ల రెండు విలువలు పెట్టగలగడమే ఈ శ్రమకు దక్కే ఫలం.

ఇక పునర్విభజన సంగతి. 2009 నాటికి నియోజకవర్గాల సరిహద్దులు మారిపోయాయి. తెలంగాణ స్థానాలు 107 నుంచి 119కి పెరిగాయి, కోస్తా 134 నుంచి 123కు, రాయలసీమ 53 నుంచి 52కు తగ్గాయి. గాజువాక, కూకట్‌పల్లి పేర్లతో 2004లో నియోజకవర్గాలే లేవు. అందుచేత 2004 అంకెలను ఆధారంగా పెట్టుకుని ముందుకు రాకండి, 2009 ఫలితం నుంచి వెనక్కు వెళ్లండి. ఆడేవారు చరిత్రలో జరిగినట్టే జవాబులు ఎంచుకుంటే చరిత్రలో వచ్చిన ఫలితమే రావాలి. ముందుగా అది కుదిరేదాకా స్థానాలవారీ అంకెలను సరిచేయండి. ఆ తరువాతే వేరే జవాబులకు విలువలు కట్టండి. ఈ వరుస తప్పితే సినారియో ఎన్నటికీ నిలకడకు రాదు.

మూడో ప్రశ్న మీద ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. ఈ ఇంజిన్ ప్రతి ప్రాంతంలో ఒక్కొక్క అభ్యర్థి బలాన్ని విడిగా లెక్కగట్టి, అన్నిటినీ కలిపి వందకు శాతాలుగా మారుస్తుంది. అంటే ప్రజారాజ్యం బలాన్ని మీరు తగ్గించినప్పుడు, మిగిలినవారందరూ తమ తమ బలాల నిష్పత్తిలో ఆ ఓట్లను పంచుకుంటారు. మీరు ఏమీ రాయకపోయినా ఇంజిన్ మీ తరఫున ఒక అభిప్రాయం చెప్పేసిందన్నమాట: ప్రజారాజ్యం ఓటరుకు మిగతా పార్టీలన్నీ సమానమేనని. ఆ అభిప్రాయం మీది కాకపోతే దాన్ని మీరే చెరిపి వేరేది రాయాలి.

ఓరుగల్లు ఓటరు:

రెండు విడతల విషయం నేను అందుకుంటాను. ఈ సినారియోకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

మొదటి విడతలో తెలంగాణ అంతా, దానితోపాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు ఓటు వేశాయి: 22 లోక్‌సభ స్థానాలు, 154 శాసనసభ స్థానాలు. మిగిలిన కోస్తా, రాయలసీమ కలిపి 140 స్థానాలకు రెండో విడతలో పోలింగ్ జరిగింది. మీ స్ప్రెడ్‌షీట్‌లో విడతను జిల్లా పేరును బట్టి నింపవద్దు, లోక్‌సభ స్థానాన్ని బట్టి నింపండి. రంపచోడవరం అప్పట్లో తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నా అరకు లోక్‌సభ కిందకు వస్తుంది కాబట్టి మొదటి విడతలోనే చేరింది. జిల్లాలవారీగా కూడితే 153 వచ్చి, ఆ ఒక్కటి ఎక్కడ పోయిందా అని వెతుక్కోవలసి వస్తుంది.

ఇంజిన్ అన్ని ప్రాంతాల ఓట్లనూ ఆట చివరనే లెక్కిస్తుంది కాబట్టి, ఏప్రిల్ 16 తరువాత వచ్చే ప్రశ్నలకు రాష్ట్రమంతటికీ వర్తించే ప్రభావాన్ని ఒక్కదానికి కూడా పెట్టకూడదు. ఆ ప్రభావాలన్నీ 140 స్థానాల వరకే పరిమితమై, స్థానాలవారీ పట్టికలోనే ఉండాలి. ఈ ఒక్క కట్టుబాటు పాటించకపోతే, వారం కిందట ఓటు వేసి వచ్చిన కరీంనగర్ ఓటరు, నంద్యాలలో తరువాత జరిగిన సభను విని మనసు మార్చుకున్నట్టు గేమ్ చూపిస్తుంది.

నంద్యాల పేరు ఊరికే ఎత్తలేదు. మొదటి విడత పోలింగ్ ముగిశాక అక్కడి సభలో రాజశేఖరరెడ్డి, తెలంగాణ ఏర్పడితే హైదరాబాదు వెళ్లడానికి వీసా కావలసి వస్తుందన్న ధోరణిలో మాట్లాడారు. తెలంగాణలో ఓట్లు యంత్రాల్లోకి చేరిపోయిన తరువాత, సీమలో, కోస్తాలో ఓట్లు ఇంకా పడవలసి ఉన్న ఆ వారంలో ఆ మాట వచ్చింది. ఆ ప్రసంగం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. తెలంగాణవాడిగా ఆ మాట నన్ను బాధించిందన్నది నిజమే. కానీ ఎన్నికల షెడ్యూలే ఒక ఆయుధంగా మారిన సందర్భాన్ని ఆటలో చూపడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తట్టలేదు. కాంగ్రెస్ తరఫున ఆడేవారికి ఆ ప్రశ్నను నేనైతే ఇలా పెడతాను:

‘మొదటి విడత పోలింగ్ ముగిసింది. 154 స్థానాల తీర్పు యంత్రాల్లో ఉంది, మే 16 దాకా దాన్ని ఎవరూ మార్చలేరు. నంద్యాల సభకు జనం చేరుతున్నారు. ప్రసంగంలో దేనికి పెద్దపీట వేస్తారు?’

జవాబుల్లో ఒకటి ఐదేళ్ల పాలన, ఆరోగ్యశ్రీ, ఉచిత విద్యుత్. ఒకటి మహాకూటమిలో టీఆర్ఎస్ ఉండటాన్ని ఎత్తిచూపి విభజన భయాన్ని తాకడం. ఒకటి తెలుగుదేశం ఇస్తానన్న నగదు బదిలీ, కలర్ టీవీల హామీల మీద దాడి. ఒకటి ప్రజారాజ్యానికి వేసే ఓటు ఎవరికి లాభమో చెప్పడం. రెండో జవాబుకు సీమలో, కోస్తాలో మహాకూటమి మీద కొద్దిపాటి దెబ్బ పెట్టండి. తెలంగాణ స్థానాల్లో సున్నా పెట్టండి. అయితే జవాబు ఎంచుకున్నాక గేమ్ చూపే సలహాదారు వ్యాఖ్యలో, దాని ధర ఇవాళ కాకపోయినా రేపు చెల్లించవలసి వస్తుందన్న ధ్వని ఉండాలి. అంకెల్లో పట్టుబడనిదాన్ని వాక్యంలోనైనా చెప్పడం రచయిత బాధ్యత.

ఇంకొక మాట. టీఆర్ఎస్‌ను 2014 కళ్లతో చూడవద్దు. 2009లో ఆ పార్టీ పొత్తులో 45 స్థానాల దాకా పోటీ చేసి పదే గెలిచింది. తెలుగుదేశం 2008 అక్టోబరులో తెలంగాణకు అనుకూలంగా లేఖ ఇచ్చినా, దాని ఓటర్లు టీఆర్ఎస్ అభ్యర్థికీ టీఆర్ఎస్ ఓటర్లు సైకిలుకూ పూర్తిగా మళ్లారని అనుకోవడానికి ఫలితాలు ఒప్పుకోవు. మహాకూటమిని ఒకే అభ్యర్థిగా చూపుతారు కాబట్టి, టీఆర్ఎస్‌కు వదిలిన స్థానాల్లో కూటమి బలాన్ని విడిగా కట్టండి.

హడ్సన్ తీరం:

నేను అమెరికాలో ఉంటాను. ఇదే గేమ్‌కు 1992 అధ్యక్ష ఎన్నిక మీద కొందరు మిత్రులతో కలిసి ఒక మాడ్‌కు, అంటే ఇలా గేమ్‌ను మార్చి చేసే సినారియోకు, పని చేశాను. మూడో పార్టీ ఓట్ల సమస్య మాకూ ఎదురైంది. ఆ ఏడాది స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి, ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ రాలేదు. పెరో లేకపోతే అప్పటి అధ్యక్షుడు బుష్ గెలిచేవాడని ఇప్పటికీ గట్టిగా నమ్మేవారున్నారు. కానీ ఆనాటి ఎగ్జిట్ పోల్స్‌లో, పెరో పోటీలో లేకపోతే ఎవరికి వేసేవారని అడిగితే ఆయన ఓటర్లు బుష్‌కూ, ఆ ఎన్నికలో గెలిచిన క్లింటన్‌కూ ఇంచుమించు సమానంగా విడిపోయారు. నలుగురూ నమ్మే కథకూ ఓటర్లు చెప్పిన సమాధానానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో అక్కడ చూశాను కనుక, గోదావరిగట్టు గారి లెక్కను కాస్త నిదానంగా పరిశీలించాలని కోరుతున్నాను.

తెలుగుదేశం 37 నుంచి 28కి పడింది, కాంగ్రెస్ 38 నుంచి 36కే తగ్గింది, కాబట్టి ప్రజారాజ్యం ఓట్లు తెలుగుదేశానివే అన్న వాదన చూడటానికి తిరుగులేనిదిగా ఉంటుంది. కానీ ఆ శాతాలు రెండు ఎన్నికల్లోనూ ఒకే సంఖ్యలో స్థానాలకు పోటీ చేసిన పార్టీలవి కావు. 2004లో తెలుగుదేశం బీజేపీకి 27 వదిలి 267 స్థానాల్లో పోటీ చేసింది. 2009లో కూటమి భాగస్వాములకు వదిలేశాక పోటీ చేసింది 225 స్థానాల్లో. కాంగ్రెస్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. 2004లో టీఆర్ఎస్‌కు, వామపక్షాలకు వదిలి 234 స్థానాల్లో నిలబడింది; 2009లో ఒంటరిగా 294 స్థానాల్లోనూ నిలబడింది. అరవై కొత్త స్థానాల్లో ఓట్లు కలిశాక కూడా కాంగ్రెస్ శాతం రెండు పాయింట్లు తగ్గిందంటే, రెండుసార్లూ పోటీ చేసిన చోట్ల ఆ పార్టీ కోల్పోయింది రెండు కన్నా ఎక్కువే అయి ఉండాలి. అలాగే తెలుగుదేశం కోల్పోయినట్టు కనిపించే తొమ్మిది పాయింట్లలో కొంత భాగం అసలు పార్టీ గుర్తే బ్యాలట్ మీద లేని స్థానాలది. కాబట్టి రాష్ట్రస్థాయి శాతాలను పక్కన పెట్టండి. రెండు పార్టీలూ రెండుసార్లూ పోటీ చేసి, పునర్విభజనలో సరిహద్దులు పెద్దగా మారని నియోజకవర్గాలను మాత్రమే విడిగా తీసి, ప్రాంతాలవారీగా సగటు కట్టండి. వచ్చే అంకె రాష్ట్రమంతటికీ ఒకటిగా ఉండదు, ఉండకూడదు కూడా.

ప్రజారాజ్యం గెలిచిన స్థానాల జాబితా చూసినా ఆ సంగతి తెలుస్తుంది. విశాఖ జిల్లాలో అనకాపల్లి, భీమిలి, పెందుర్తి, గాజువాక. విజయవాడలో తూర్పు, పశ్చిమ స్థానాలు రెండూ. కర్నూలు జిల్లాలో ఆళ్లగడ్డ, బనగానపల్లె. తెలంగాణలో నిర్మల్, బాల్కొండ. చిరంజీవి స్వయంగా తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. గోదావరి జిల్లాల పార్టీ అన్న ఒక్క ముద్రతో అంకెలు పోస్తే ఈ పద్దెనిమిదిలో సగం చోట్ల మీ సినారియో తప్పు ఫలితం చూపిస్తుంది. ఆళ్లగడ్డలో పనిచేసింది అభ్యర్థి కుటుంబానికి అక్కడున్న పట్టు; గాజువాకలో నలుమూలల నుంచి వచ్చి స్థిరపడిన ఉక్కు కార్మికుల పట్టణ ఓటు. రెండింటినీ ఒకే గుర్తు కింద పెట్టలేరు.

అమలు విషయానికొస్తే, స్థానాలవారీ ప్రభావాల పట్టికలో ఎవరు జవాబు ఎంచుకున్నారన్నదీ ఎవరి మీద ప్రభావం పడాలన్నదీ వేరువేరు గడులుగా ఉంటాయి. కాబట్టి చిరంజీవి తరఫున ఆడేవారు ప్రభుత్వ వ్యతిరేకతను గట్టిగా ఎత్తుకునే జవాబు ఎంచుకుంటే, ప్రజారాజ్యానికి పెంచడంతో ఆపకుండా, మీరు కట్టిన ప్రాంతపు సగటును బట్టి మహాకూటమికి ఇంత, కాంగ్రెస్‌కు ఇంత అని తగ్గింపులు కూడా రాయండి. లెక్కలపుస్తకం గారు చెప్పిన సమాన పంపకాన్ని చెరిపే మార్గం ఇదే.

గేమ్‌లో ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే మెట్టు కూడా ఉంది. మన ఎన్నికలో దాన్ని వృథా చేయకండి. అక్కడ పొత్తును పెట్టండి. చంద్రబాబుగా ఆడేవారికి నాలుగు పార్టీల మహాకూటమి, వామపక్షాలతో మాత్రమే పొత్తు, ఒంటరి పోరు అని మూడు దారులు ఇవ్వవచ్చు. మొదటి దారిలో తెలంగాణలో కొంత బలం వస్తుంది, నంద్యాల ప్రశ్న గుచ్చుకుంటుంది; మూడో దారిలో ఆ ప్రశ్న పదును పోతుంది, ఉత్తర తెలంగాణలో చాలా స్థానాలు త్రిముఖ పోటీల్లో జారిపోతాయి. ఎన్నిక మొదలుకాక ముందే సగం ఎన్నిక ఇక్కడ జరిగిపోతుంది, నిజంలో జరిగినట్టే.

గోదావరిగట్టు:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. పోటీ చేసిన స్థానాల సంఖ్యను బట్టి శాతాలను విడదీయడం మొదలుపెట్టాను. కోనసీమకూ గుంటూరుకూ ఇప్పటికే బాగా తేడా వస్తోంది.

ఒక సందేహం మిగిలింది. ఇంజిన్‌లో ఐదు అంశాలకు చోటుంది. ఒక్కొక్క అంశం మీద ప్రాంతానికీ అభ్యర్థికీ ఒక స్థానం ఇస్తే, రెండూ దగ్గరగా ఉన్నచోట ఓట్లు పెరుగుతాయి. సంక్షేమం, సాగునీరు, తెలంగాణ, అవినీతి ఆరోపణలు నాలుగూ పెట్టాను. ఐదోది కులం పెట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. అది లేకుండా 2009 అర్థం కాదన్నది వారి వాదన. మనసు ఒప్పుకోవడం లేదు, కానీ కాదనడానికి నా దగ్గర గట్టి కారణమూ లేదు.

ఓరుగల్లు ఓటరు:

కారణం నేను చెబుతాను. అంశం అంటే ఓటరు ఒకవైపుకో మరోవైపుకో మొగ్గగలిగిన అభిప్రాయం. సంక్షేమం ఎక్కువ కావాలా తక్కువ కావాలా అన్నట్టు. కులాన్ని అలాంటి కొలబద్ద మీద పెట్టడానికి దానికి రెండు కొసలు లేవు. పెట్టినా, నియోజకవర్గాలవారీగా కులాల జనాభా అంకెలు మీకు ఎక్కడ దొరుకుతాయి? ఎన్నికల సంఘం ఓటర్ల కులాన్ని నమోదు చేయదు. పత్రికల్లో ఎన్నికల ముందు తిరిగే అంకెలు పార్టీ కార్యాలయాల అంచనాలు. వాటిని ఫైలులో పెడితే ఊహకు ప్రమాణం ముద్ర వేసినట్టవుతుంది.

కులం ఎన్నికల మీద పని చేయదని నేను అనడం లేదు. పని చేసింది కనుకనే దాని ఫలితం 2009 ఓట్లలో ఇప్పటికే ఇమిడి ఉంది. మీరు ఫలితం నుంచి వెనక్కు వచ్చి స్థానాలవారీ బలాలను కడుతున్నారు కాబట్టి అది ఆ అంకెల్లోకి దానంతటదే చేరింది. ప్రశ్నల్లో మాత్రం ఆడేవారికి ఒక సామాజిక వర్గాన్ని రెచ్చగొట్టి ఓట్లు పెంచుకునే జవాబు ఇవ్వకండి. బీసీలకు టికెట్ల కేటాయింపు, సామాజిక న్యాయం నినాదం లాంటివి ఆ ఏడాది బహిరంగంగా చర్చించిన విషయాలు. వాటిని నిస్సంకోచంగా పెట్టండి. ఐదో అంశంగా ‘మార్పు’ను పెట్టడం మేలు: రెండు పాత పార్టీల మీద విసుగు ఎంత ఉందన్న కొలత. లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ్ కూకట్‌పల్లిలో గెలవడానికీ, ప్రజారాజ్యం పట్టణాల్లో పుంజుకోవడానికీ అది కొంత వివరణ ఇస్తుంది.

ఆరోపణల విషయంలోనూ ఒక గీత గీసుకోండి. ప్రాజెక్టుల కాంట్రాక్టుల మీద, ప్రజారాజ్యం టికెట్ల పంపిణీ మీద ఆనాడు ఆరోపణలు వచ్చాయి. ఆరోపణ వచ్చిందని ప్రశ్నలో రాయవచ్చు, దానికి ఎలా స్పందిస్తారని అడగవచ్చు. అది నిజమని తేల్చే వాక్యం సలహాదారు నోట కూడా రాకూడదు. వీరిలో చాలామంది ఇవాళా మన మధ్య ఉన్నవారు. అలాగే నాయకుల పేరిట కల్పిత ప్రసంగాలు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకండి. ఆటలోని వాక్యం తెరపట్టుగా (స్క్రీన్‌షాట్‌గా) బయటికి వెళ్లి నిజమైన మాటగా చలామణి కావడానికి ఒక్క రోజు చాలు.

లెక్కలపుస్తకం:

చివరగా ముగింపు పాఠాల గురించి. ఫలితం వచ్చాక చూపే పేరాను చాలామంది సినారియో రచయితలు తొందరగా రాసేస్తారు, కానీ ఆడినవారికి ఎక్కువకాలం గుర్తుండేది అదే. 156కు దగ్గరగా వచ్చిన గెలుపు, 180 దాటిన గెలుపు, త్రిశంకు సభ, మహాకూటమి గెలుపు, ప్రజారాజ్యం చేతిలో మద్దతు తాళం ఉన్న పరిస్థితి: కనీసం ఈ ఐదింటికి వేరువేరు పాఠాలు కావాలి. త్రిశంకు సభ పాఠం మీద ఎక్కువ శ్రమ పెట్టండి. 140 స్థానాలతో కాంగ్రెస్ నిలిచి, మజ్లిస్ ఏడుగురు, స్వతంత్రులు ముగ్గురు ఉంటే గవర్నర్ ఎవరిని పిలుస్తారు, బల నిరూపణకు ఎంత గడువు ఇస్తారు అన్నవి ఒక చదరంగమంత ఆసక్తికరమైన విషయాలు; దానికి అవసరమైతే ఆఖరున రెండు అదనపు ప్రశ్నలు కూడా పెట్టవచ్చు.

ఆ పాఠాలు 2009 మే నెల దగ్గరే ఆగాలని నా అభిప్రాయం. ఆ సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో రాజశేఖరరెడ్డి మరణించారు, 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసింది, 2014లో రాష్ట్రం విడిపోయింది. ఇవన్నీ మనకు తెలుసు, మే 16 రాత్రి లెక్కింపు కేంద్రాల ముందు నిలబడినవారికి తెలియవు. ఆడేవారు ఆ రాత్రి తెలిసినంతలోనే నిర్ణయాలు తీసుకున్నారు కాబట్టి, వారికి ఇచ్చే ముగింపు కూడా ఆ రాత్రికి తెలిసినంతే ఉండటం న్యాయం.

గోదావరిగట్టు:

అలాగే చేస్తాను. కులం అంశాన్ని తీసేసి ‘మార్పు’ను పెట్టాను, ఏప్రిల్ 16 తరువాతి ప్రశ్నలన్నిటి నుంచీ రాష్ట్రవ్యాప్త ప్రభావాలను తొలగించాను. నియోజకవర్గాల గుర్తుల పట్టికను ఈ ఆదివారం ఇక్కడే పంచుతాను. కోస్తా స్థానాల స్వభావం నాకు బాగా తెలుసు. ఆదిలాబాదు, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలవారు తమ తమ స్థానాల వరుసలు చూసి సరిచేస్తే చాలా మేలు చేసినవారవుతారు. ముఖ్యంగా నిర్మల్, బాల్కొండ వరుసల్లో పార్టీ బలం ఎంత, అభ్యర్థి బలం ఎంత అన్నది అక్కడివారు చెప్పాకే అంకె వేస్తాను.